నీళ్ల గ్లాసు తాకని వేళ్లు

నేను ఒక పాత ట్యాబ్‌ని. ఏడంగుళాల తెర, కింద కుడి మూలలో గోరంత పగులు, గంటన్నర దాటి నిలవని బ్యాటరీ, ఇంతే నా సంగతి. ప్రస్తుతం నాలో పదకొండు శాతం చార్జి ఉన్నట్టు చూపిస్తోంది. దాన్ని మీరు నమ్మకండి, నేనే నమ్మడం లేదు. పదకొండు అని చూపిస్తూ చూపిస్తూనే చప్పున ఆరిపోవడం ఈమధ్య అలవాటైంది. అందుకని గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పుకుపోతాను. మధ్యలో మాట ఆగిపోతే ఏమీ అనుకోవద్దు, బాగా అలసిపోయి ఉన్నాను.

నాకు మనుషులు వేళ్లతోనే తెలుస్తారు. పైన చిన్న కెమెరా ఉంది కాబట్టి ముఖాలూ చూస్తాను గానీ, వాటిని అంతగా నమ్మను. "అబ్బ, ఎంత బాగుందో!" అని ముఖం మెచ్చుకుంటూ ఉంటే కింద వేలు విసుగ్గా పక్కకు తోసేస్తూ ఉంటుంది. ఇన్నేళ్లలో అబద్ధం చెప్పిన వేలు ఒక్కటి కూడా నాకు తగల్లేదు.

నా మీద పడిన మొదటి వేలికి తొడుగు ఉంది. పొడవాటి హాలు, తెల్లటి వెలుతురు, కదిలే బెల్టు మీద నాలాంటివి వందలు. ఒక అమ్మాయి నాకు అద్దం బిగించి, మూడు చోట్ల తట్టి చూసి, పక్కకు పంపింది. తడుతున్నంతసేపూ ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. పని మీద అంత ఆత్రమా అనుకుని ముచ్చటపడ్డాను. అప్పుడే పుట్టినదాన్ని, నాకేం తెలుసు.

ఆ తర్వాత పాఠాలు అమ్మే కంపెనీ ఒకటి నన్ను కొని, పదో తరగతి దాకా ఉన్న చదువంతా నాలో కుక్కి, విజయవాడలో ఒక ఇంటికి పంపింది. ఆ ఇంటి అమ్మాయి మొదటి పాఠాన్ని తొమ్మిదిసార్లు తెరిచింది. రెండో పాఠం ఎలా ఉంటుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వాళ్లమ్మ మాత్రం నాలో వంటలు చూసి నేర్చుకుంది. నా అంచుల్లో ఇప్పటికీ కాస్త శనగపిండి ఉంది. ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ మూతపడింది, పాఠాలు తెరుచుకోవడం మానేశాయి. నన్ను టీవీ కింద సొరుగులో, తెగిన చార్జర్ల మధ్య పెట్టి మరిచిపోయారు. ఎన్నాళ్లకో సొరుగు సర్దుతూ పాత ఫోన్ల కొట్టుకు ఇచ్చేశారు.

ఆ కొట్టుకు వచ్చింది కౌముది. ఇరవై ఏడేళ్లుంటాయి. కొత్త సరుకు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "ఇంతకంటే పాతది లేదా అండీ?" అని అడిగింది. కొట్టువాడు ఆమెను అనుమానంగా చూశాడు. ఆమె నన్ను తీసుకుని తెర మీద వేలు అటూ ఇటూ జరిపింది, నేను ఎప్పటిలాగే రెండు క్షణాలు ఆలస్యంగా కదిలాను. "ఇది చాలు. దీంట్లో నడిస్తే ఎందులోనైనా నడుస్తుంది" అంది. నా చేతకానితనానికి అంత గిరాకీ వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

కౌముది వీడియో గేములు తయారుచేస్తుంది. జిరాక్స్ షాపు మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. బొమ్మలూ కథా ఆమెవి, ప్రోగ్రాం రాసేది ఇంతియాజ్. అంతకుముందు ఇద్దరూ ఒక పెద్ద కంపెనీలో మిఠాయిలు పగలగొట్టే ఆటలు చేసేవాళ్లట. విసుగెత్తి బయటికొచ్చారు. గోదావరి వైపు పనిచేసే ఒక ఆరోగ్య సంస్థ వాళ్లకు ఈ పని అప్పగించింది. రొయ్యల ఫ్యాక్టరీల్లో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల ఆరోగ్యం గురించీ, హక్కుల గురించీ కరపత్రాలు పంచి పంచి ఆ సంస్థవాళ్లు అలిసిపోయారు. కరపత్రం ఎవరూ చదవడం లేదు, ఫోను మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది, ఒక ఆట తయారుచేసి పెట్టండి అన్నారు.

ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూద్దామంటే యాజమాన్యం రానివ్వలేదు. శుభ్రత నియమాలట. సరే, కరపత్రాలు ముందేసుకుని, దొరికిన రెండు వీడియోలు చూసి, కౌముది బొమ్మలు గీసింది. ఆటకు 'షిఫ్ట్ పూర్తి' అని పేరు పెట్టారు. ఒక బల్ల, దాని మీద ఐసు, రొయ్యల ట్రేలు, బల్ల ముందు ఒక ఆడమనిషి. ఎనిమిది గంటల షిఫ్టు ఆటలో పది నిమిషాలు. రొయ్యలు ఒలుస్తూనే ఆమెకు తొడుగులు వేయాలి, నడుముకు విశ్రాంతి ఇవ్వాలి, కింద మూలలో ఉన్న గ్లాసు నొక్కి మంచినీళ్లు ఇవ్వాలి. ఎన్ని కేజీలు ఒలిచినా ఒకటే, ఎనిమిదో గంటకు ఆమె నిలబడి ఉంటేనే గెలుపు. నీళ్లు ఇవ్వకపోతే ఐదో గంటలో కళ్లు తిరిగి పడిపోతుంది.

ఆట తయారయ్యాక నన్ను సంచిలో వేసుకుని ఇద్దరూ రైలెక్కారు. చెరువుల మధ్య ఒక పేట. ఆదివారం, చర్చి నుంచి అందరూ తిరిగొచ్చిన వేళ. సువార్త అనే ఆవిడ తన వరండాలో చాప పరిచింది. ముప్పై ఎనిమిదేళ్లు, సన్నటి మనిషి, పదకొండేళ్లుగా అదే ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తోంది. ఆమెతో ఒకే బల్ల దగ్గర పనిచేసే మరో అయిదుగురు వచ్చి కూర్చున్నారు. అందరిలోకీ పెద్దావిడ నూకరత్నం. సువార్త ఆవిణ్ణి పిన్నీ అంటుంది.

నా తెర మీద బొమ్మ కనిపించగానే నూకరత్నం పకాలున నవ్వింది. "ఈవిడెవరండీ బాబూ! రొయ్యలొలవడానికొచ్చిందా, పెళ్లికొచ్చిందా?"

కౌముది కంగారుపడింది. "ఏమైందండీ?"

"గాజులేంటి, ఆ బొట్టేంటి, జడలో ఆ పూలేంటండీ! గేటు కాడే తీయించేత్తారు. గోరింటాకెట్టుకుంటేనే లోపలికి రానివ్వరు. మా మొకాలు మాకే తెలవవండి లోపల. టోపీ, మూతికి గుడ్డ, కాళ్లకి బూట్లు. కళ్లు సూసి ఎవరో పోల్చుకోవాల."

కౌముది సిగ్గుపడుతూ అన్నీ రాసుకుంది. తర్వాత నన్ను సువార్త ఒళ్లో పెట్టారు. ఆమె నొక్కింది. నాకు అందలేదు. మళ్లీ నొక్కింది. ఐసులో, క్లోరిన్ నీళ్లలో నాని నాని ఆమె వేలికొసలు గీతలన్నీ అరిగి, తోలు కట్టి ఉన్నాయి. అంత గట్టిగా నొక్కినా ఒక వేలు నాకు తెలియకపోవడం అదే మొదటిసారి. "నా ఏలు హాజరు మిషనుక్కూడా తెలవదండి. రోజూ మూడు నాలుగు సార్లు పెడితే గాని ఒప్పుకోదు" అని సువార్త సర్దిచెప్పింది. తప్పు నాదైతే సర్దిచెప్పింది ఆమె. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అలవాటయ్యాక చూడాలి వాళ్ల ఆట! ఇంతియాజ్ ఒక ట్రే ఒలిచేలోపు సువార్త మూడు ట్రేలు ఒలిచేది. తొడుగులు వేయడం, నడుము వాల్చడం అన్నీ చేసేవాళ్లు. అయితే ఆరుగురికి ఆరుగురూ ఐదో గంటలో పడిపోయారు. ఒక్కరు కూడా నీళ్లు ఇవ్వలేదు. పై ఆదివారమూ అంతే. ఎవరు దేన్ని ఎన్నిసార్లు నొక్కారో ఆట లెక్క రాసి పెడుతుంది. నీళ్ల గ్లాసు దగ్గర సున్నా.

అనుమానం నా మీదికి వచ్చింది. గ్లాసు బొమ్మ ఉన్నది సరిగ్గా నా పగులు ఉన్న మూలలో. ఆ మూల చచ్చిపోయి ఉంటుందన్నాడు ఇంతియాజ్. నన్ను కొట్టుకు తీసుకెళ్లి ఒళ్లు విప్పించి, స్పిరిట్‌తో తుడిపించి, మళ్లీ అతికించారు. కొట్టువాడు అన్ని మూలలూ తట్టి చూసి, దీనికేం లేదు పొమ్మన్నాడు. అప్పుడు గ్లాసును ఎడమ మూలకు మార్చారు. పెద్దది చేశారు. మిణుకు మిణుకుమనేలా చేశారు. గంట మోగేలా చేశారు. మూడో ఆదివారం ఆ ఆరుగురూ మిణుకుతున్న గ్లాసును చూస్తూ, గంట వింటూ, వరసగా ఐదో గంటలో పడిపోయారు.

తిరుగు రైల్లో ఇంతియాజ్ తన నోట్సులో ఒక వాక్యం రాసుకున్నాడు: ఆడేవాళ్లకు ఆట అర్థం కావడం లేదు.

నిజం నా ఒక్కదానికే తెలుసు. సువార్త వేలు ప్రతిసారీ గ్లాసు దాకా వచ్చేది. తాకీ తాకనంత దూరంలో, దాని వెచ్చదనం నాకు తగిలేటంత దగ్గర్లో ఆగేది. ఒక్క క్షణం అలాగే ఉండి వెనక్కి వెళ్లిపోయేది. అర్థం కాని వేలు అలా ఆగదు. బాగా అర్థమైన వేలే అలా ఆగుతుంది. కానీ నేనెవరికి చెప్పను? నాకున్న స్పీకరు వాళ్లు పలకమన్నదే పలుకుతుంది.

నాలుగో ఆదివారం కౌముది ఒక్కతే వచ్చింది. ఎండలు ముదిరాయి. రైల్లో మూడు గంటలు నిలబడి వచ్చిందేమో, చాప మీద కూలబడింది. సువార్త స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. కౌముది గటగటా తాగేసి, కాసేపటికి మొహమాటపడుతూ బాత్రూం ఎక్కడని అడిగింది. సువార్త పెరటి వైపు చూపించింది. తిరిగొచ్చాక ఇక ఉండబట్టలేక కౌముది అడిగేసింది.

"అక్కా, నేను రాగానే అడక్కుండానే నాకు నీళ్లిచ్చారు కదా. మరి ఆ బొమ్మకెందుకు ఇవ్వరు? నాలుగు వారాలుగా చూస్తున్నాను."

సువార్త ఆశ్చర్యపోయింది. ఇంత చదువుకున్న పిల్ల ఇదేం ప్రశ్న అడుగుతోందన్నట్టు చూసింది. "మీరంటే ఇంటికొచ్చారండి. ఆ బొమ్మలో ఆవిడ డ్యూటీలో ఉంది కదండీ. డ్యూటీలో నీళ్లెలా తాగుద్దండీ?"

కౌముదికి ఏమీ అర్థం కాలేదు. అప్పుడు నూకరత్నం నిదానంగా చెప్పింది. వాళ్ల బల్లలకు అవతల గోడకు ఒక మేకు ఉంటుంది. ఆ మేకుకు ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి వేలాడుతుంది. బాత్రూంకు వెళ్లాలంటే ఆ బిళ్ళ మెడలో వేసుకుని వెళ్లాలి. ముప్పై మందికి ఒకటే బిళ్ళ. వెళ్లినావిడ తిరిగొచ్చి మేకుకు తగిలించేదాకా ఇంకొకరు కదలకూడదు. వెళ్లాలంటే ఆప్రానూ టోపీ బూట్లూ అన్నీ విప్పాలి. వచ్చాక అన్నీ తొడుక్కుని, మోచేతుల దాకా క్లోరిన్‌లో మళ్లీ ముంచాలి. పావుగంట పడుతుంది. ఆ పావుగంటకు సూపర్‌వైజర్ మాటలు పడాలి.

"అందుకని మేం పొద్దున టీ నీళ్లు కూడా ముట్టుకోవండి" అంది సువార్త. "ఆరింటికి వేనెక్కితే మళ్లీ ఇంటికొచ్చాకే తాగడం. ముందు దాహమేసేది. ఇప్పుడు దాహం కూడా ఎయ్యట్లేదండి."

"మీకేం ఇబ్బంది రాలేదా అక్కా?"

సువార్త తల వంచుకుంది. నూకరత్నమే చెప్పింది. "దీనికి నెలకోసారి ఒంటేలుకెల్తే మంటండి. సలి జొరం. ఎడం పక్క నడుం పట్టేసి లేవలేదు. రాయుందన్నారు కిడ్నీలో. నీళ్లు బాగా తాగమన్నాడు డాట్రు గారు. ఆయనకేవండీ, సెప్పేసి లోపలికెల్లిపోతాడు."

ఆ మాట వింటుంటే నాకు అద్దం బిగించిన అమ్మాయి గుర్తొచ్చింది. గోడ గడియారం వైపు ఆ చూపులు, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఆ బరువు మార్చుకోవడం. అది పని మీద ఆత్రం కాదని తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. ముచ్చటపడ్డందుకు సిగ్గుపడ్డాను.

కౌముది ఆ రోజు ఆట ఆడించలేదు. మర్నాడు గదిలో ఇంతియాజ్‌కు జరిగింది చెప్పింది. అతను నోట్సు తెరిచి, రైల్లో రాసుకున్న వాక్యం కొట్టేశాడు. "అర్థం కానిది వాళ్లకు కాదు" అన్నాడు. గంట తీసేశాడు, మిణుకులు తీసేశాడు. నీళ్ల గ్లాసు మళ్లీ చిన్నదై నా పగులు మూలకు వచ్చింది.

కొత్త ఆటలో గోడ, మేకు, ఎర్ర బిళ్ళ వచ్చాయి. ఇప్పుడు నీళ్లు ఇస్తే బొమ్మ బాత్రూంకు వెళ్లాలి. బిళ్ళ లేకపోతే ఆగాలి, ఆగలేకపోతే ఓటమి. ఒక్కతే వెళ్లి సూపర్‌వైజర్‌ను అడిగితే తిట్టి పంపేస్తాడు. అయితే బల్ల చుట్టూ ఇంకా అయిదుగురు బొమ్మలున్నారు. ఒక్కొక్కరినే తాకితే చెయ్యి ఎత్తుతారు. ఆరుగురూ చేతులెత్తితే పని ఆగుతుంది, మేకు మీద ఇంకో బిళ్ళ వస్తుంది. ఈ చివరి ముక్క దగ్గర ఇద్దరూ రెండు రోజులు పోట్లాడుకున్నారు.

"అలా ఎప్పుడూ జరగలేదు కౌముదీ. జరగనిది చూపిస్తే వాళ్లను మోసం చేసినట్టు."

"జరగలేదు కాబట్టే ఆటలో పెడదాం అంటున్నాను. బయట చేస్తే ఉద్యోగం పోతుంది. ఇక్కడ ఏం పోతుంది? మహా అయితే మళ్లీ మొదటినుంచి ఆడతారు."

ఆమె మాటే నెగ్గింది. ఆ పై ఆదివారం నా తెర మీద ఎర్ర బిళ్ళ కనబడగానే వరండాలో నవ్వులు ఆగిపోయాయి. తర్వాత నూకరత్నం నన్ను లాక్కుంది. ఆరు బొమ్మలకూ తమ ఆరుగురి పేర్లు పెట్టించింది. నాలుగో ప్రయత్నంలో అందరి చేతులూ లేపింది. రెండో బిళ్ళ వచ్చి మేకు మీద పడగానే తెర మీద ఒక చీటీ తెరుచుకుంటుంది, పనిచేసేచోట మంచినీళ్లూ, మరుగుదొడ్డీ ఇవ్వడం దయ కాదు, చట్టం అని. సువార్త దాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"సట్టంలో ఉందా పిన్నీ ఇది?"

"ఉంటే ఉంటాదే. సట్టం ఎప్పుడన్నా మన బల్ల కాడికొచ్చిందా?"

మిగతా అయిదుగురూ ఆట గెలిచారు. సువార్త మాత్రం గెలవలేదు. బిళ్ళలు రెండైనా మూడైనా ఆమె వేలు గ్లాసు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేది. ఎందుకే అని నూకరత్నం కసిరితే, "ఏమో పిన్నీ, సెయ్యి దిగట్లేదు" అనేది.

తర్వాత నా దశ తిరిగింది. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో సభ. ప్రతి కుర్చీ ముందూ ఒక నీళ్ల సీసా. కోటు చేతుల్లోంచి మెత్తటి వేళ్లు వచ్చి నా మీద ఆడాయి. వాళ్లు నీళ్ల గ్లాసు టక్కున నొక్కేవాళ్లు, బిళ్ళ లేక మూడు నిమిషాల్లో ఓడిపోయేవాళ్లు. ఎంతగానో కదిలించిందని చెప్పి, సీసాలో మిగిలిన నీళ్లు తాగి, లేచి హాలు చివరి బాత్రూంకు వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడు పేపర్లో నా ఫొటో కూడా పడింది, పగులు కనబడకుండా తీశారు.

ఆ పేపరే కొంప ముంచింది. ఫ్యాక్టరీ మేనేజరు సూర్యప్రకాశం గారు దాన్ని చూశారు. పూర్తిగా చదివి ఉండరు, బొమ్మ చూసి ఉంటారు. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్లు తనిఖీకి వస్తున్నారు, పనివాళ్ల కోసం ఏం చేస్తున్నారని అడుగుతారు. మా ఫ్యాక్టరీలో కూడా ఈ ఆట ఆడిస్తున్నామని చూపించుకోవడానికి ఒక ఫొటో కావాలి. కౌముదికి కబురు వచ్చింది. ఆమె వెళ్లడానికి జంకింది. బిళ్ళ సంగతి ఎలా బయటికొచ్చిందని అడిగితే సువార్త పని పోతుందని ఆమె భయం. సువార్తకు ఫోను చేసి వద్దంటే వద్దనేస్తానంది. "రండి మేడం గారూ. ఆ గేటు లోపలికి మీరొకసారి రావాల" అంది సువార్త.

మధ్యాహ్నం భోజనాల వేళ, క్యాంటీన్. వంద మంది దాకా ఆడవాళ్లు టోపీలతోనే నిలబడ్డారు. మేనేజరు గారు నన్ను చేతిలోకి తీసుకుని ఫొటోకు నవ్వారు. ఫొటో తీసే అతను, ఆడుతున్నట్టు ఉంటే బాగుంటుంది సార్ అన్నాడు. సరేనని ఆడారు. నున్నటి వేలు, ఉంగరం ఉన్న వేలు. మొదటి గంటలోనే నీళ్లు ఇచ్చారు. రెండో గంటలో మళ్లీ ఇచ్చారు. బొమ్మ కాళ్లు దగ్గరగా పెట్టుకుంది. ఆయన బాత్రూం తలుపు నొక్కారు. మేకు ఖాళీగా ఉంది. మళ్లీ నొక్కారు. నా మీద కోపంతో టకటకా పది సార్లు నొక్కారు.

"ఇదేంటమ్మా, కదలదే? పాడైందా?"

"పాడవలేదు సార్, బిళ్ళ లేదు. ముప్పై మందికి ఒకటే" అంది కౌముది.

"ముప్పై మందికి ఒక బిళ్ళైతే ఎలా? ఇలా ఎవరు ఆడగలరు?"

క్యాంటీన్‌లో వెనక నుంచి నూకరత్నం గొంతు వినిపించింది. "మేం ఆడతన్నామండి, పదకొండేళ్ల నుంచీ."

ఆయన వేలు నా మీద ఆగిపోయింది. తన ఫ్యాక్టరీ గోడకు ఉన్న మేకు ఆయనకు అప్పుడే తెలిసిందో, తెలిసీ అప్పుడు గుర్తొచ్చిందో నేను చెప్పలేను. వేలు మాత్రం చల్లబడింది. తల ఎత్తి, "ఈ లోపలి సంగతులు బయట ఎవరు చెప్పారు?" అన్నారు.

సువార్త మూతి మీది గుడ్డ కిందకి లాగి ముందుకు వచ్చింది. "నేనే సెప్పానండి. కిడ్నీలో రాయి నాదేనండి."

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. పది రోజుల తర్వాత నూకరత్నం కౌముదికి ఫోన్లో చెబుతుంటే, బల్ల మీద పడి ఉండి విన్నాను. మర్నాటి నుంచి కంపెనీ వ్యాను సువార్త ఇంటి ముందు ఆగడం మానేసిందట. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారట. రెండు రోజులు మిగతావాళ్లు కిటికీలోంచి ఆమెను చూస్తూ వెళ్లిపోయారు.

"మూడో రోజు నాకు కూసోబుద్ధి కాలేదండి" అంది నూకరత్నం. "ఆపరా బాబూ వేను అని దిగేశాను. నా ఎనకాల ఇది దిగింది, అది దిగింది. మొత్తం వేను కాళీ అయిపోయింది. ఐసు కరిగి రొయ్యేమో పాడైపోతా ఉంది. గంటన్నర రోడ్డు మీదే కూసున్నాం. మీ ఆటలో ఆరుగురే కదండీ, మేం ఇరవై మందిమి."

సువార్త మళ్లీ వ్యానెక్కింది. తనిఖీకి వచ్చేవాళ్లు రాకముందే గోడకు ఇంకో మూడు మేకులు కొట్టారు. ఒక బిళ్ళ నాలుగైంది. కౌముది ఫోను పెట్టేసి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇంతియాజ్ టీ చెప్పి వస్తానని కిందికి వెళ్లి, కళ్లు కడుక్కుని వచ్చాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆట ఇక్కడే ఆగేలా చెయ్యొచ్చు, ఒంటిని అలా చెయ్యలేం. వానాకాలం మొదట్లో సువార్త బల్ల దగ్గరే పడిపోయింది. ఐదో గంటో ఆరో గంటో నాకు తెలియదు. నాలుగు బిళ్ళలు వచ్చిన తర్వాత కూడా ఆమె నీళ్లు తాగడం లేదని నూకరత్నానికి అప్పుడు గాని తెలియలేదు. పదకొండేళ్లు దాహాన్ని అణిచిపెట్టిన ఒళ్లు, బిళ్ళలు పెరిగాయంటే వినలేదు. రాయి అడ్డుపడి ఎడమ కిడ్నీ ఎండిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఉన్న ఒక్కదాన్ని కాపాడుకోమన్నారు. చన్నీళ్లలో నిలబడే పని వద్దన్నారు.

సంస్థ ఇచ్చిన గడువు అయిపోయింది. ఇంతియాజ్ తిరిగి మిఠాయిల ఆటల్లోకి వెళ్లాడు, అతణ్ణి తప్పుపట్టడానికి నాకు ఓపిక లేదు. కౌముది మాత్రం ఇటుక బట్టీల వాళ్ల కోసం ఇంకో ఆట మొదలుపెట్టింది. ఈసారి బొమ్మ గీయకముందే బట్టీకి వెళ్లి నెలరోజులు కూర్చుంది. అది నాలో నడవలేదు. నేను వేడెక్కి ఆగిపోయాను. అప్పుడు ఆమె నన్ను తుడిచి, చార్జరుతో సహా తెచ్చి సువార్త చేతిలో పెట్టింది. "దీన్ని మీ దగ్గరే ఉంచండి అక్కా" అంది.

ఇప్పుడు నేను ఉంటున్నది ఈ వరండాలోనే. సువార్త పక్కన మూడు నీళ్ల సీసాలుంటాయి, సాయంత్రానికి ఖాళీ చేయాలని డాక్టరు ఆజ్ఞ. ఈ మధ్యాహ్నం ఆమె నన్ను ఒళ్లోకి తీసుకుని ఆట తెరిచింది. బొమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది. టోపీ, మూతికి గుడ్డ, బూట్లు. ట్రేలు వచ్చి పడుతున్నాయి. సువార్త ఒక్క రొయ్యను కూడా ముట్టుకోలేదు. ఆమె వేలు నీళ్ల గ్లాసు దాకా వచ్చింది. ఎప్పటిలాగే ఆగింది. నేను ఎదురుచూశాను.

వేలు కిందికి దిగింది.

పని మానేసి నాలుగు నెలలైంది కదా, వేలికొసల మీద గీతలు మళ్లీ వస్తున్నాయి. మొదటి తాకుడుకే నాకు అందింది. బొమ్మ నీళ్లు తాగింది. సువార్త బిళ్ళ తీసి ఇచ్చింది, బొమ్మ వెళ్లొచ్చింది. మళ్లీ నీళ్లు ఇచ్చింది. గంటలు గడిచిపోతున్నాయి, ట్రేలు గుట్టగా పడుతున్నాయి, సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. ఐదో గంట దాటింది, ఆరు దాటింది. ఎనిమిదో గంటకు బొమ్మ నిటారుగా నిలబడే ఉంది. 'షిఫ్ట్ పూర్తి' అని అక్షరాలు వచ్చాయి. సువార్త ఆడగా ఆ అక్షరాలు రావడం ఇదే మొదటిసారి. ఆమె వాటిని వేలితో తడిమింది.

వీధిలో వ్యాను ఆగింది. నూకరత్నం దిగి, టోపీ కింద నలిగిన జుట్టు సర్దుకుంటూ వరండా మెట్టు మీద కూలబడింది.

"ఏం సేత్తన్నావే?"

"డ్యూటీ అయిపోయింది పిన్నీ."

"ఎన్ని కేజీలొలిసేవేంటి?"

"ఒక్క రొయ్య కూడా ఒలవలేదు. నీళ్లు తాగాను."

నూకరత్నం చెయ్యి చాచి ఒక సీసా అందుకుని, మూత తీసి, తనూ తాగింది.